ఏఎంపీ తీసేస్తే గూగుల్‌లో మాయమైపోతామా? కాము, కానీ తీసేటప్పుడు జాగ్రత్త

మీరు అడిగింది క్లుప్తంగా: హైదరాబాద్ పాత కట్టడాలు, బస్తీల చరిత్ర మీద తెలుగులో ఒక చిన్న వర్డ్‌ప్రెస్ సైట్ నడుపుతున్నారు. 2018లో ఏఎంపీ (ఫోన్లలో పేజీలు వేగంగా తెరుచుకోవడానికని గూగుల్ తెచ్చిన పేజీ ఫార్మాట్) పెట్టించారు. దాన్ని చూసుకోవడానికి ఏటా డబ్బు తీసుకునే ఏజెన్సీ ఇప్పుడు 'ఏఎంపీ తీసేస్తే గూగుల్‌లో కనిపించరు' అంటోంది, పైగా వెబ్ స్టోరీస్ (ఫోన్‌లో నిలువు బొమ్మల వరుసగా చూపించే కథనాలు) ప్యాకేజీ కూడా తీసుకోమంటోంది. ఉంచాలా, తీసేయాలా?

తీసేయండి. కాకపోతే ఇవాళ రాత్రి ఏఎంపీ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు పరికరం) ఆపేసి పడుకోకండి, అలా చేస్తే నిజంగానే దెబ్బ తింటారు, అప్పుడు ఏజెన్సీ వాళ్ళు 'చెప్పామా లేదా' అంటారు. పద్ధతి కింద రాస్తాను. నేను చాలా ఏళ్లుగా చిన్న తెలుగు సైట్లకు సర్వర్లు, టెంప్లేట్లు చూసే పని మీదే బతుకుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

ఏజెన్సీ మాట పచ్చి అబద్ధం కాదు, గడువు తీరిన నిజం. 2015 అక్టోబరులో గూగుల్ ఏఎంపీని ప్రకటించింది, 2016 ఫిబ్రవరిలో మొబైల్ సెర్చ్‌లోకి తెచ్చింది. అప్పట్లో ఫోన్‌లో వెతికితే పైన అడ్డంగా జరిపే టాప్ స్టోరీస్ వరుస వచ్చేది కదా, అందులో చోటు కావాలంటే ఏఎంపీ పేజీ ఉండి తీరాలి. మీ మామూలు పేజీ దానికంటే వేగంగా తెరుచుకున్నా సరే, లెక్కలోకి రాదు. నా అభ్యంతరం అంతా ఇక్కడే. వేగంగా ఉండమని అడగడంలో తప్పేం లేదు, పాఠకుడికి అది మంచిదే. కానీ వాళ్ళు అడిగింది వేగం కాదు, తాము రాసిన అచ్చులో పేజీ పోయమని అడిగారు. పెద్ద పత్రికలకు ఇంజనీర్లున్నారు, రెండు టెంప్లేట్లు పెట్టుకుని నడుపుకున్నారు. ఒక్కరో ఇద్దరో నడిపే సైట్లకు ప్రతి మార్పూ రెండుసార్లు చేయాల్సి వచ్చింది, ఒకసారి అసలు సైట్‌లో, ఒకసారి ఏఎంపీలో. చేయలేనివాళ్ళు ఏఎంపీ పేజీని పాతబడిపోనిచ్చారు. మీది కూడా అదే కథ, కింద చెప్తా.

ఆ నిబంధన 2021 జూన్‌లో మొదలైన, పేజీ వాడకం ఎంత సుఖంగా ఉందో చూసే పేజ్ ఎక్స్‌పీరియన్స్ అప్‌డేట్‌తో పోయింది. అప్పటినుంచి టాప్ స్టోరీస్‌కి ఏఎంపీ అక్కర్లేదు, ఫలితాల పక్కన ఉండే మెరుపు గుర్తు కూడా తీసేశారు. ఇక మామూలు ఫలితాల సంగతంటారా, ఏఎంపీ ర్యాంకింగ్‌లో లెక్కించే అంశం కాదని గూగులే మొదటినుంచీ చెబుతూ వచ్చింది. అయినా మీది వార్తల సైట్ కాదు. 'పురానాపూల్ ఎవరు కట్టించారు' అని వెతికేవాడికి టాప్ స్టోరీస్ వరుసే రాదు. ఆ లెక్కన 2018లో కూడా మీకు దీనితో పెద్దగా పని లేదు. అప్పుడు అందరూ పరుగెత్తారు, మీరూ పరుగెత్తారు, అంతే.

అన్యాయంగా మాట్లాడకూడదు కాబట్టి ఇది కూడా చెప్పాలి. 2016 మొదట్లో మన దగ్గర చాలామంది ఫోన్లలో టూజీ, త్రీజీ, అదీ ఎంబీల లెక్కన కొనుక్కునే డేటా. జియో వచ్చింది ఆ ఏడాది సెప్టెంబరులో. అప్పటి తెలుగు వార్తల సైట్ తెరిస్తే ముందు ఒక పాపప్, దాన్ని మూయబోతే వేలు కింద ఇంకో ప్రకటన, మీరు చదువుతున్న వాక్యం హఠాత్తుగా స్క్రీన్ కిందికి జారిపోవడం. ఆ రోజుల్లో ఏఎంపీ పేజీ తెరిస్తే ప్రాణానికి హాయిగా ఉండేది, కాదనను. బొమ్మకు పొడవు వెడల్పులు ముందే చెప్పాలి, కంటికి కనబడని బొమ్మలు తర్వాత దించుకోవాలి, సొంత జావాస్క్రిప్ట్ (పేజీని ఆడించే కోడ్) వద్దు, సీఎస్ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) 50 కేబీ దాటకూడదు (తర్వాత 75 చేశారు) లాంటి నియమాలు చాలామంది డెవలపర్లకు బుద్ధి చెప్పాయి.

అయితే ఆ మెరుపు వేగం మొత్తం ఫార్మాట్‌ది కాదు, ఇది చాలామందికి తెలియదు. గూగుల్ మీ ఏఎంపీ పేజీ నకలు తన క్యాష్‌లో (నకళ్ళు దాచుకునే చోట) పెట్టుకునేది, పాఠకుడు ఇంకా సెర్చ్ ఫలితాలు చూస్తుండగానే వెనకాల దాన్ని తెచ్చి సగం వండి సిద్ధంగా ఉంచేది. వేలు పెట్టగానే వడ్డించేది. వేగంగా అనిపించక ఏం చేస్తుంది? అదే ఏఎంపీ పేజీని వాట్సాప్‌లో వచ్చిన లింకు ద్వారానో, నేరుగా మీ సైట్ నుంచో తెరిచి చూడండి, ఆ వేగం కనిపించదు. పైగా ప్రతి ఏఎంపీ పేజీలో తప్పనిసరిగా ఉండాల్సిన ఒక చిన్న సీఎస్ఎస్ ముక్క ఉంటుంది, అది ఏఎంపీ వాళ్ళ స్క్రిప్ట్ వచ్చేదాకా పేజీ మొత్తాన్ని దాచి ఉంచుతుంది. ఏ కారణం చేతైనా ఆ స్క్రిప్ట్ రాకపోతే 8 సెకన్లు తెల్ల కాగితం చూస్తూ కూర్చోవాలి, ఆ తర్వాతే అక్షరాలు బయటపడతాయి. మీ వ్యాసం మీ సర్వర్ నుంచి ఎప్పుడో వచ్చేసినా సరే.

ఇప్పుడు మీ సైట్. మీరిచ్చిన లింకుల్లో 1908 మూసీ వరదల వ్యాసం రెండు రూపాల్లోనూ తెరిచి చూశాను. అసలు పేజీలో అఫ్జల్‌గంజ్ దగ్గర నయాపూల్ పాత ఫొటో మీద ఇప్పటి ఫొటో పెట్టి, మధ్య గీతను వేలితో అటూ ఇటూ జరిపితే అప్పుడు ఇప్పుడు కనిపించేలా చేశారు. ఆ వ్యాసానికి ప్రాణం అదే. ఏఎంపీ పేజీలో అది లేదు. రెండు ఫొటోలు ఒకదాని కింద ఒకటి పడి ఉన్నాయి, 'గీతను జరిపి చూడండి' అనే వాక్యం మాత్రం అలాగే ఉంది, జరపడానికి గీత లేదు. మీ స్లయిడర్ ప్లగిన్ సొంత జావాస్క్రిప్ట్‌తో నడుస్తుంది, ఏఎంపీ ప్లగిన్ దాన్ని కత్తిరించి పారేసింది. ఏఎంపీలో ఇలాంటి పోలికకు విడిగా ఒక ఏర్పాటు ఉంది, వాడుకోవచ్చు, కానీ ఎవరో కూర్చుని ప్రతి వ్యాసానికీ విడిగా పెట్టాలి. మీ ఏజెన్సీ పెట్టలేదు. ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు దగ్గర మీరు పెట్టిన మ్యాపు కూడా అక్కడ ఖాళీ డబ్బానే. వ్యాఖ్యల పెట్టె లేదు. 'మీ ఇంట్లో పాత ఫొటోలుంటే పంపండి' అనే ఫారం లేదు. మీ సైట్‌కి వచ్చే అసలు సంపద ఆ ఫారం నుంచే వస్తుందని మీరే రాశారు. గూగుల్ నుంచి ఫోన్‌లో వచ్చే పాఠకుల్లో చాలామందికి ఇన్నేళ్లుగా ఆ ఫారం ఉందన్న సంగతే తెలియదన్నమాట!

చిరునామా సంగతి ఇంకా ఘోరం. చాలాకాలం ఏఎంపీ పేజీ తెరిస్తే పైన చిరునామా పట్టీలో మీ సైట్ పేరు ఉండేది కాదు, గూగుల్ డాట్ కామ్ అని ఉండేది. టాప్ స్టోరీస్ వరుస నుంచి వచ్చినవాడు వేలితో పక్కకు తోస్తే మీ సైట్‌లో తర్వాతి వ్యాసానికి కాదు, వేరేవాళ్ళ వార్తకు వెళ్ళిపోయేవాడు. నాంపల్లి నుమాయిష్‌లో స్టాల్ పెట్టినట్టు, జనం బాగానే వస్తారు, కొంటారు కూడా, కానీ వాళ్ళు వచ్చింది నుమాయిష్‌కి, బేగంబజార్‌లో మీ దుకాణం ఎక్కడుందో వాళ్ళకు తెలియదు. తర్వాత దీన్ని సరిదిద్దడానికి సైన్డ్ ఎక్స్ఛేంజ్ అనే పద్ధతి తెచ్చారు, పేజీ గూగుల్ క్యాష్ నుంచే వస్తుంది కానీ పట్టీలో మీ డొమైన్ కనిపిస్తుంది. దానికి ప్రత్యేకమైన సర్టిఫికెట్, సర్వర్‌లో సెట్టింగులు కావాలి, చిన్న సైట్లలో దాన్ని పెట్టుకున్నవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు.

లెక్కలు కూడా చెడతాయి. ఒకే మనిషి క్యాష్‌లో ఒక వ్యాసం చదివి, అక్కణ్ణుంచి మీ అసలు సైట్‌కి వస్తే, అనలిటిక్స్‌లో (పాఠకుల లెక్క చూపే పరికరంలో) ప్రత్యేకంగా లంకె కలపకపోతే ఇద్దరు మనుషుల కింద లెక్క పడుతుంది. మీ ఏజెన్సీ పంపే నెలవారీ రిపోర్టులో 'యూజర్లు' పెరిగారని చూపించే అంకెను అందుకే నేను పట్టించుకోను. వాళ్ళు మోసం చేస్తున్నారనడం లేదు, బహుశా వాళ్ళకీ తెలియకపోవచ్చు.

ప్రకటనల విషయంలో ఒక్క మాట. అమెరికాలో టెక్సస్ నాయకత్వంలో కొన్ని రాష్ట్రాలు గూగుల్ మీద 2020 డిసెంబరులో వేసిన కేసులో, ఏఎంపీ కాని పేజీల్లో ప్రకటనలను గూగుల్ కావాలని ఒక సెకను ఆలస్యం చేసిందని, ప్రకటనల వేలంలో పోటీదారులను అడ్డుకోవడానికి ఏఎంపీని వాడుకుందని ఆరోపించాయి. గూగుల్ కాదంది. అది వాళ్ళ కోర్టు గొడవ, దాని మీద ఆధారపడి మీరు నిర్ణయం తీసుకోవాల్సిన పని లేదు. మీకొచ్చే ఆదాయం గోరంత యాడ్‌సెన్స్ (సైట్లలో గూగుల్ పెట్టే ప్రకటనలు), తెలుగుకు యాడ్‌సెన్స్ వచ్చిందే 2018లో. నిజానికి మీకు ఎక్కువ వస్తున్నది హెరిటేజ్ వాక్‌ల బుకింగుల మీద, ఆ బుకింగ్ బటన్ ఏఎంపీ పేజీలో ఎక్కడుందో వెతకండి. నాకైతే దొరకలేదు.

ఒక్క గూగులే ఇలా చేయలేదు లెండి. ఫేస్‌బుక్ 2015లో ఇన్‌స్టంట్ ఆర్టికల్స్ అని మొదలుపెట్టి, పత్రికలన్నిటితో విడిగా టెంప్లేట్లు రాయించి, 2023లో మూసేసింది. సెర్చ్ కంపెనీలే అయిన చైనాలో బైదూకి, రష్యాలో యాండెక్స్‌కీ ఇలాంటి సొంత ఫార్మాట్లే ఉండేవి. దారి వాళ్ళ చేతిలో ఉన్నంతకాలం బండి ఎలా ఉండాలో కూడా వాళ్ళే చెబుతారు. ఏఎంపీ విషయంలో 2018 జనవరిలో చాలామంది డెవలపర్లు కలిసి బహిరంగ లేఖ రాశారు, వాళ్ళు అడిగింది పెద్ద కోరికేం కాదు. పేజీ వేగంగా ఉంటే చాలు, ఫార్మాట్ ఏదైనా ఒకేలా చూడండి, మా పేజీని మా చిరునామాలోనే చూపించండి అని. 2019లో ఏఎంపీ ప్రాజెక్టు ఓపెన్‌జేఎస్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ కిందికి వెళ్ళింది. 2022లో బ్రేవ్, డక్‌డక్‌గో లాంటి బ్రౌజర్లు ఏఎంపీ లింకు నొక్కినా నేరుగా అసలు పేజీకే తీసుకెళ్ళడం మొదలుపెట్టాయి.

సరే, ఏఎంపీ పోయాక ఏం చూస్తారంటే కోర్ వెబ్ వైటల్స్. మూడు కొలతలు. పేజీలో అన్నిటికంటే పెద్ద ముక్క 2.5 సెకన్లలోపు కనిపించాలి, దాన్ని ఎల్‌సీపీ అంటారు. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, అది ఐఎన్‌పీ, 2024 మార్చిలో పాత కొలత ఎఫ్‌ఐడీ స్థానంలో వచ్చింది. చదువుతుంటే పేజీ అటూ ఇటూ గెంతకూడదు, అది సీఎల్ఎస్, 0.1 దాటకూడదు. ఇవి ఏ ఫార్మాట్‌కైనా ఒకటే, కాబట్టి ఏఎంపీ కంటే వెయ్యి రెట్లు నయమైన పద్ధతి అంటాను. ఇక్కడ కూడా కొలిచేది గూగులే, తన క్రోమ్ వాడేవాళ్ళ ఫోన్లలోనే, ఐఫోన్ వాళ్ళు అసలు లెక్కలోకే రారు. అయినా కనీసం కొలిచేది పాఠకుడికి నిజంగా జరిగేదాన్ని.

ఈ కొలతల మీద టెన్షన్ పెట్టి డబ్బు గుంజడం ఇప్పుడు కొత్త వ్యాపారం. గూగుల్ వేగ పరీక్ష పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఎర్ర రంగులో 38 అని చూపించి 'వందకు తెస్తాం' అంటారు. ఆ వందకు వచ్చే స్కోరు ఒక నమూనా ఫోన్, నెమ్మదైన నెట్‌వర్క్ అనుకుని చేసిన పరీక్ష ఫలితం. గూగుల్ ర్యాంకింగ్‌కి చూసేది దాన్ని కాదు, 28 రోజుల పాటు నిజమైన పాఠకుల ఫోన్లలో నమోదైన అంకెల్ని, అందులోనూ ప్రతి నలుగురిలో ముగ్గురికి బాగుందా లేదా అని. అదే పేజీలో పై భాగంలో ఉంటుంది ఆ సమాచారం. మీ సైట్‌కి అక్కడ 'తగినంత డేటా లేదు' అని వస్తే కంగారు పడకండి, చిన్న సైట్లకు అది మామూలే. వేగం బాగుపడితే ర్యాంకు అమాంతం పెరుగుతుందని కూడా అనుకోకండి, వ్యాసంలో సరుకు ముందు, ఇది తర్వాత. పాఠకుడి కోసం చేయండి.

మరి మీ అసలు పేజీ వేగంగా ఉందా? లేదు. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఇంటర్‌చేంజ్ రద్దీలో నిలబడి మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరిచాను. ముందు తెల్లగా, తర్వాత శీర్షిక ఫోన్ సొంత ఫాంటులో, ఇంకాసేపటికి హఠాత్తుగా మండలి ఫాంటు వచ్చి అన్ని పంక్తులూ ఒక్క కుదుపుతో కిందికి జరిగాయి, నేను చదువుతున్న పేరా చేజారిపోయింది, అది వెతుక్కునేలోపు పైన ప్రకటన వచ్చి ఇంకో కుదుపు.

ఇది తెలుగు సైట్లన్నిటికీ ఉన్న రోగం, దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను ఎందుకంటే ఇంగ్లీషులో ఉండే వేగం చిట్కాల్లో ఇది దొరకదు. తెలుగులో అక్షరం, దాని గుణింతపు గుర్తు విడివిడిగా ఒక్కొక్కటీ యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతి) 3 బైట్లు, 'తెలుగు' అనే మాటకే 18 బైట్లు. అది చూసి భయపడక్కర్లేదు, సర్వర్‌లో జీజిప్ లేదా బ్రాట్లీ కంప్రెషన్ ఉంటే పాఠ్యం బాగా కుదించుకుపోతుంది, మీ హోస్టింగ్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూడండి చాలు. అసలు బరువు ఫాంటులో ఉంది. గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు, ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పే పట్టికలు, ఇవన్నీ కలిసి తెలుగు ఫాంటు లాటిన్ ఫాంటు కంటే చాలా బరువవుతుంది. మీ థీమ్ అయితే శీర్షికకు రామభద్ర, వ్యాసానికి మండలి, పైగా ఎవరూ వాడని రోబోటో ఇంగ్లీషు ఫాంటును మూడు మందాల్లో దించుతోంది. ముందు రోబోటో పీకేయండి. మండలికి ఒకటే మందం ఉంది, మీరు బోల్డ్ చేసినచోట బ్రౌజరే అక్షరాన్ని లావు చేసి చూపిస్తోంది, అందుకే ఒత్తులు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి.

నా సలహా, వ్యాసానికి వెబ్ ఫాంటే వద్దు. ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు ఉంటుంది, విండోస్‌లో నిర్మల యూఐ ఉంటుంది, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు ఉంటుంది, అన్నీ చదవడానికి బాగానే ఉంటాయి, దించుకునే బరువు సున్నా. ఒకప్పుడు మన పత్రికల సైట్లు చదవాలంటే వాళ్ళ వాళ్ళ ఫాంటు దించి పెట్టుకుంటే తప్ప గజిబిజి అక్షరాలు వచ్చేవి, ఆ భయం ఇంకా మనలో పోలేదు. శీర్షికకు రామభద్ర ఉంచుకోండి, సైట్‌కి ఒక ముఖం ఉండాలి కదా. మండలి లేకపోతే కుదరదంటే ఫాంట్-డిస్‌ప్లే సెట్టింగ్ 'ఆప్షనల్' అని పెట్టండి, సమయానికి వస్తే వాడుతుంది, రాకపోతే ఆ పేజీకి ఫోన్ ఫాంటుతోనే సరిపెడుతుంది, మధ్యలో మార్చి కుదపదు. ఒక హెచ్చరిక. బరువు తగ్గించడానికి ఫాంటును కత్తిరించే పరికరాలున్నాయి, తెలియకుండా వాడితే ఒత్తుల పట్టికలు ఎగిరిపోతాయి, అప్పుడు 'లక్ష్మి' అని రాసినచోట 'లక్‌ష్‌మి' అని పొల్లులు నిలబడతాయి. హోమ్ పేజీ చూసి బాగుందనుకుని వదిలేయకండి, క్ష్మ, స్త్ర, ర్త్య లాంటివి ఉన్న ఒక పేజీ తయారు చేసుకుని అందులో చూడండి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ప్రకటన వచ్చే చోటికి ముందే కనీస ఎత్తు ఇచ్చి ఖాళీ ఉంచండి, కుదుపు పోతుంది. వ్యాసం పైనున్న మొదటి ఫొటోకి లేజీ లోడింగ్ (కంటికి కనబడేటప్పుడే దించుకునే ఏర్పాటు) తీసేయండి, మీ ప్లగిన్ అన్ని ఫొటోలకూ గుడ్డిగా పెట్టింది, దానివల్లే ఎల్‌సీపీ చెడింది. స్కాన్ చేసిన పాత ఫొటోల్ని అదే సైజులో ఎక్కించారు, చదివేవాడికి వెబ్‌పీ అనే తేలికైన ఫార్మాట్‌లో చిన్నది చూపించి, నొక్కితే పెద్దది వచ్చేలా పెట్టండి. యూట్యూబ్ వీడియోకి బదులు దాని బొమ్మ పెట్టి, నొక్కినప్పుడే ప్లేయర్ వచ్చేలా చేయండి. ఇక సర్వర్. మీ హోస్టింగ్ అమెరికాలో ఉంది, చదివేవాళ్ళేమో ఇక్కడ. ఒక్కసారి అటు పోయి ఇటు రావడానికే 200 మిల్లీసెకన్లు దాటుతుంది, పేజీ మొదలవడానికి అలాంటి ప్రయాణాలు నాలుగైదు కావాలి. ముంబైలోనో, హైదరాబాద్‌లోనో సర్వర్లున్న సీడీఎన్ (పేజీల నకళ్ళను పాఠకుడికి దగ్గరి సర్వర్ నుంచి ఇచ్చే సేవ) ముందు పెట్టి, పేజీ మొత్తాన్ని అక్కడే క్యాష్ చేయించండి. రోజూ మారే వ్యాసాలు కావు కదా మీవి, 1908 వరద ఇవాళ కొత్తగా రాదు. ఈ ఒక్క పనితో వచ్చే తేడా మిగతావన్నీ కలిపినా రాదేమో.

ఇదంతా అయ్యాకే ఏఎంపీ జోలికి వెళ్ళండి. ముందు సెర్చ్ కన్సోల్‌లో (సైట్ ఓనర్లకు గూగుల్ ఇచ్చే పరికరం) పెర్ఫార్మెన్స్ రిపోర్టులో సెర్చ్ అప్పియరెన్స్ ఫిల్టర్ పెట్టి ఏఎంపీ పేజీలకు ఎన్ని క్లిక్కులు వస్తున్నాయో ఒక షీట్‌లో దించి పెట్టుకోండి, రేపు పోల్చుకోవడానికి. ప్లగిన్ ఏ మోడ్‌లో ఉందో చూడండి. మీకు చివర స్లాష్ ఏఎంపీ అని వేరే చిరునామాలున్నాయి కాబట్టి అసలు పేజీ, ఏఎంపీ పేజీ విడివిడిగా ఉన్నాయి. (మొత్తం సైటే ఏఎంపీ అయినవాళ్ళకు చిరునామా మారదు, వాళ్ళు టెంప్లేట్ మారిస్తే చాలు.) అసలు పేజీ హెడ్‌లో (కోడ్ పై భాగంలో) ఏఎంపీ పేజీని చూపించే లింకు ట్యాగ్ ఒకటి ఉంటుంది, అది పోవాలి. పాత ఏఎంపీ చిరునామా ప్రతిదాన్నీ దాని అసలు పేజీకి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకు వచ్చినవాళ్ళను శాశ్వతంగా కొత్తదానికి మళ్ళించడం) చేయాలి. అన్నిటినీ కలిపి హోమ్ పేజీకి తోసేయకండి, అలా చేస్తే వాటికి విలువ ఉండదు. ఈ రీడైరెక్ట్ మర్చిపోవడం వల్లే చాలామంది దెబ్బ తింటారు. ప్లగిన్ ఆపగానే ఆ చిరునామాలన్నీ 404 (పేజీ లేదు) అయిపోతాయి, ఏళ్ల తరబడి జనం వాట్సాప్‌లో, వికీపీడియా మూలాల్లో పంచుకున్న లింకులన్నీ చస్తాయి. రీడైరెక్ట్ నియమాన్ని ప్లగిన్ మీద ఆధారపడకుండా సర్వర్‌లోనే రాసుకోండి, దాన్ని ఎప్పటికీ తీయకండి.

గూగుల్ క్యాష్‌లో పాత నకళ్ళు కొద్దికాలం ఉంటాయి. ఎవరైనా అడిగినప్పుడు క్యాష్ ముందు పాతది వడ్డించి, తర్వాత మీ సర్వర్‌ని అడిగి సరిచూసుకుంటుంది, కాబట్టి అరుదుగా చదివే పేజీలు ఆలస్యంగా మారతాయి. కంగారు పడి మళ్ళీ ప్లగిన్ ఆన్ చేయకండి. ముందు పాత వ్యాసాల ఒక విభాగం, అంటే మెట్ల బావుల వరుస లాంటిది, దానికి మాత్రం చేసి కొన్ని వారాలు చూసి, తర్వాత మిగతావి చేయండి.

ఇంకొకటుంది, ఎవరూ చెప్పరు. డిస్కవర్‌లో, అంటే ఫోన్‌లో గూగుల్ యాప్ తెరవగానే వచ్చే ఫీడ్‌లో, పెద్ద బొమ్మతో కనిపించాలంటే ఒక దారి ఏఎంపీ, రెండో దారి మామూలు పేజీలో మ్యాక్స్-ఇమేజ్-ప్రివ్యూ అనే రోబోట్స్ ట్యాగ్ (సెర్చ్ యంత్రాలకు ఇచ్చే సూచన) 'లార్జ్' అని ఉండటం. వర్డ్‌ప్రెస్ 5.7 నుంచి అది దానంతటదే వస్తుంది, కానీ సెర్చ్‌లో పైకి రావడానికి వాడే కొన్ని ఎస్ఈఓ ప్లగిన్లు దాన్ని తుడిచేస్తాయి. పేజీ సోర్సు తెరిచి ఉందో లేదో చూడండి, బొమ్మ కనీసం 1200 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. ఏఎంపీ తీసేశాక డిస్కవర్ ట్రాఫిక్ పడిపోయిందని వచ్చేవాళ్ళ దగ్గర నేను మొదట చూసేది ఈ ట్యాగే. అలాగే వ్యాసం, రచయిత, తేదీ సెర్చ్ యంత్రాలకు అర్థమయ్యేలా చెప్పే కోడ్, అంటే స్ట్రక్చర్డ్ డేటా, మీకు ఇప్పుడు ఏఎంపీ ప్లగిన్ మాత్రమే రాస్తోంది, అసలు పేజీలో లేదు. తీసేముందు అది అక్కడికి చేర్చండి.

వెబ్ స్టోరీస్ ప్యాకేజీ వద్దు. వెబ్ స్టోరీ అంటే ఏఎంపీలోనే రాసే ఇంకో రూపం, ఒక తలుపు మూసి కిటికీలోంచి అదే బరువు లోపలికి తెచ్చుకున్నట్టే. సినిమా కబుర్ల సైట్లకు, వంటల సైట్లకు అది పనికొస్తుందేమో కానీ, మూడు వేల మాటల వ్యాసాన్ని పది నిలువు బొమ్మలుగా కోస్తే మీ పాఠకుడికి ఏం మిగులుతుంది? ఆ డబ్బుతో సీడీఎన్ కట్టుకోండి, ఇంకా మిగిలితే మీ పాఠకుల ఈమెయిళ్ళు సేకరించే ఏర్పాటు చేయండి. పాఠకుల్ని చేరడానికి సెర్చ్ ఫలితాల మీద ఆధారపడని దారి మీకు అది.

ఆఖరిగా, ఏజెన్సీకి వద్దని చెప్పే ముందు ఒక పని. డొమైన్ ఎవరి ఈమెయిల్ మీద రిజిస్టర్ అయిందో, సెర్చ్ కన్సోల్‌లో ఓనర్‌గా ఎవరున్నారో, సీడీఎన్, హోస్టింగ్ లాగిన్లు ఎవరి దగ్గరున్నాయో చూసుకోండి. 2018లో వాళ్ళే అన్నీ పెట్టారంటున్నారు కాబట్టి సగం వాళ్ళ పేరు మీదే ఉండి ఉంటాయి. సెర్చ్ కన్సోల్‌లో డీఎన్ఎస్ రికార్డు (డొమైన్ సెట్టింగుల్లో చేర్చే ఒక పంక్తి) ద్వారా మీరు సొంతంగా ఓనర్‌గా ధృవీకరించుకోవచ్చు, కానీ దానికి డొమైన్ ప్యానెల్ మీ చేతిలో ఉండాలి, కాబట్టి అదే మొదలు. అది మీ పేరు మీదికి మారేదాకా రిన్యువల్ గురించి అవుననీ అనకండి, కాదనీ అనకండి.